పెద్దపేగు క్యాన్సర్ నిర్ధారణలో కృత్రిమ మేధ: నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం

పెద్దపేగు నుంచి గానీ మలాశయం నుంచి గానీ తీసిన ముక్క తాలూకు స్లైడును స్కానరుతో డిజిటల్ చిత్రంగా మార్చి, అందులోని క్యాన్సర్ ఆనవాళ్లను కంప్యూటర్ చేత పట్టించే పద్ధతి ఇది. తుది నిర్ణయం పాథాలజిస్టుదే. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారిన నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతానికి ఇది ఎంత అక్కరకొస్తుందన్నది ముక్క తీసిన చోటే సగం తేలిపోతుంది.

ముక్క నుంచి స్లైడు దాకా

మలంలో రక్తం పడితే మొలలేమోనని మందులు వాడుతూ కాలం గడిపేవారు చాలామంది. వారు చివరికి కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల గొట్టంతో చూసే పరీక్ష) చేయించుకున్నప్పుడు తీసిన ముక్కను వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి. ద్రావణం ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లుండాలి. ఉత్త సెలైన్‌లో వేసి మర్నాటిదాకా ఉంచితే కణాలు చెడిపోతాయి. అలాంటి స్లైడును ఎంత ఖరీదైన స్కానరూ బాగుచేయలేదు. ముక్కను ల్యాబుకు పంపే విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా నందిగామకు సుమారు 50, జగ్గయ్యపేటకు 80 కిలోమీటర్లలోపు దూరం. సీసాలో ఫార్మలిన్ సరిగా ఉంటే ఈ ప్రయాణం ముక్కను ఏమీ చేయదు.

ల్యాబులో ముక్కను మైనంలో పోతపోసి బ్లాకు చేస్తారు. దాన్ని నాలుగైదు మైక్రాన్ల మందాన కోసి హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేస్తారు. కేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీగా కనిపిస్తుంది. ఆపరేషన్‌లో తీసిన పేగైతే కనీసం 12 లింఫు గ్రంథులు వెతికి చూడాలి.

కంప్యూటర్ చూసేది

40 రెట్ల స్కానింగులో ఒక్కో పిక్సెల్ సుమారు పావు మైక్రాను. ఒక్కో వైపు ఒకటిన్నర సెంటీమీటర్లుండే చదరపు కణజాలం 360 కోట్ల పిక్సెళ్ల చిత్రమవుతుంది. దాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఏ గడిలో క్యాన్సర్ గ్రంథులున్నాయో, ఎక్కడ తెల్లరక్తకణాలు గుమిగూడాయో, ఎక్కడ జిగురు పేరుకుందో లెక్కగడుతుంది.

2019లో జర్మనీకి చెందిన యాకోబ్ కాథర్ బృందం మామూలు రంగుల స్లైడునుంచే మైక్రోశాటిలైట్ అస్థిరతను (ఎంఎస్ఐ) అంచనా వేయవచ్చని చూపింది. డీఎన్ఏ నకలులో పడే తప్పులను దిద్దే వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు వచ్చే లక్షణమిది. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 15 శాతంలో ఉంటుంది. ఇలాంటి కణితులు ముదిరినా ఇమ్యునోథెరపీకి లొంగే అవకాశం ఎక్కువ. కొందరిలో దీనికి మూలం వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్. అప్పుడు రోగి తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష అవసరం. అందుకే ఈ రంగంలో ఎంఎస్ఐ గుర్తింపే అన్నిటికన్నా విలువైన పని. ఫ్రాన్సులో ఓకిన్ సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేరు ఎంఎస్ఐ లేనివారిని ముందే వడకట్టి, మిగిలినవారినే అసలు పరీక్షకు పంపేలా పనిచేస్తుంది.

మన స్లైడ్ల కొరత

కాథర్ బృందం పరిశోధనలోనే, పాశ్చాత్య రోగుల జీర్ణాశయ క్యాన్సర్ స్లైడ్లతో శిక్షణ పొందిన నమూనా జపాన్ రోగుల స్లైడ్ల మీద తడబడింది. మన రోగుల తీరు వేరు కనుక మనకు ఈ హెచ్చరిక మరీ ముఖ్యం. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 800 మంది పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ రోగులపై జరిపి 2017లో ప్రచురించిన పరిశీలనలో సగటు వయసు 47 ఏళ్లే. మలాశయ క్యాన్సర్లు, ఉంగరంలా కనిపించే సిగ్నెట్ రింగ్ కణాల కణితులు కూడా మన దేశంలో పాశ్చాత్య దేశాలకన్నా ఎక్కువ పాళ్లలో కనిపిస్తాయి. పైగా ఒక్కో ల్యాబు రంగు ఒక్కో తీరు.

ఈ లోటు తీర్చే పనికి తెలుగునేల మీద పునాది పడింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో 2020లో మొదలైన ఇనాయ్ కృత్రిమ మేధ పరిశోధన కేంద్రం, నిమ్స్ ఆసుపత్రితో కలిసి 367 మంది రోగుల 547 మెదడు కణితుల స్లైడ్లను స్కాన్‌చేసి పరిశోధకులకు అందించింది. పెద్దపేగు స్లైడ్లకూ ఇదే దారి కావాలి. అందులో మెట్ట ప్రాంతపు రోగుల స్లైడ్లూ ఉండాలి.

రోగులకు అక్కరకొచ్చే విషయం

కృత్రిమ మేధ ఎంఎస్ఐ ఉండవచ్చని చెప్పినా, ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే నాలుగు ప్రోటీన్ల పరీక్షతో గానీ పీసీఆర్‌తో గానీ నిర్ధారించుకోవాలి. దానికి మైనపు బ్లాకు కావాలి. విజయవాడ నుంచి హైదరాబాద్‌లోని బసవతారకం లేదా ఎంఎన్‌జే ఆసుపత్రికి వెళ్లేవారు రిపోర్టు కాగితంతోపాటు బ్లాకులు, స్లైడ్లు కూడా ల్యాబులో అడిగి తీసుకెళ్లాలి.