ఒక్క పన్ను తేడా

మరీ ఎక్కువగా గెలుస్తోందని పోటీల్లోంచి గెంటేస్తే, ఆ గెంటివేతనే తన వ్యాపార ముద్రగా వేసుకున్న మోటార్‌సైకిల్ కంపెనీ ఒకటుండేది. పేరు జెనిత్. అది ఇంగ్లండ్‌లో 1908 ప్రాంతంలో ‘గ్రాడువా’ అనే ఏర్పాటు తెచ్చింది. అప్పటి బళ్లలో చాలావాటికి గేర్లు లేవు. ఇంజిన్ కప్పీ నుంచి వెనక చక్రానికి ఒక బెల్టు, అంతే. ఎత్తు వస్తే దిగి తోసుకోవడమే. గ్రాడువాలో ట్యాంకు మీద ఒక పిడి ఉండేది. దాన్ని తిప్పితే కప్పీ చుట్టుకొలత మారేది, బెల్టు వదులు కాకుండా వెనక చక్రం తనంతట తాను ముందుకో వెనక్కో జరిగేది. కొండ ఎక్కే పోటీల్లో మిగతావాళ్లు ఆయాసపడుతుంటే జెనిత్ సునాయాసంగా పోయేది. క్లబ్బులకు కోపం వచ్చి నిషేధించాయి. కంపెనీ వాళ్లు ‘బార్డ్’ (నిషిద్ధం) అన్న మాటను సగర్వంగా ప్రకటనల్లో అచ్చేసుకున్నారు.

పాత బుల్లెట్‌కి స్ప్రాకెట్, అంటే గొలుసుని తిప్పే పళ్ల చక్రం, మార్చడం గురించి రాయబోయి నేను ఇక్కడ చిక్కుకుపోయాను. అయినా ఇది పక్కదారేం కాదు. దారిని బట్టి బండి లాగుడు మార్చుకోవాలన్న కోరిక అప్పటిదీ ఇదే, ఇప్పటిదీ ఇదే.

గొలుసు మాత్రం చాలా పాతది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో బైజాంటియం వాసి ఫిలో వర్ణించిన ఒక యుద్ధయంత్రం గొలుసు సాయంతో బాణం వెంట బాణం వదిలేదట. పదకొండో శతాబ్దపు చైనాలో సు సాంగ్ గడియార గోపురంలోనూ గొలుసు ఉంది. తర్వాత ఎనిమిది వందల ఏళ్లు ఒక్క గంతులో దాటేద్దాం. మనకు కావలసిన మనిషి స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టర్‌లో స్థిరపడ్డ హాన్స్ రెనాల్డ్. 1879లో సాల్ఫర్డ్‌లో ఒక గొలుసుల కార్ఖానా కొన్నాడు, 1880లో బుష్ రోలర్ చైన్‌కి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మన బళ్ల కింద తిరిగేది ఆ చైనే. అయిదేళ్లలో స్టార్లీ అనే ఆయన చేసిన రోవర్ సైకిల్ వచ్చింది. అంతకుముందు సైకిల్ వేగం పెరగాలంటే ముందు చక్రమే పెద్దదవ్వాలి, అంటే తొక్కేవాడి కాళ్లు ఎంత పొడుగో అంత వేగం. చైన్ వచ్చాక ఆ పని పళ్ల లెక్క చూసుకుంది. సైకిల్ గేరుని ఇప్పటికీ ‘ఇన్ని అంగుళాలు’ అని కొలుస్తారే, అవి ఆ పోయిన పెద్ద చక్రం అంగుళాలే!

నాకు మళ్లీ మోటార్‌సైకిళ్ల దగ్గరికి, 1911కి వెళ్లాలని ఉంది. ఆ ఏడు ఐల్ ఆఫ్ మ్యాన్ టి.టి. (టూరిస్ట్ ట్రోఫీ) పందేలను కొండదారికి మార్చారు. ఒక చుట్టు సుమారు 60 కిలోమీటర్లు, మధ్యలో స్నేఫెల్ కొండ. సీనియర్ పందెంలో మొదటి మూడు స్థానాలూ ‘ఇండియన్’ అనే అమెరికా కంపెనీ బళ్లు కొట్టుకుపోయాయి. వాటికి రెండు గేర్లూ, చైనూ ఉన్నాయి. ఇంగ్లండ్ బెల్టు బళ్లకు పరువు పోయింది. రడ్జ్ కంపెనీ వాళ్లు మాత్రం పట్టు వదల్లేదు. బెల్టుతోనే రకరకాల గేర్లు వచ్చే ‘మల్టీ’ చేసి, దానితో 1914 సీనియర్ టి.టి. గెలిచారు కూడా. సీనియర్ పందెంలో బెల్టుకి అదే ఆఖరి గెలుపు. ఆ రోజుల్లో బండి నడిపేవాడు తన గేరు లెక్క తానే చూసుకునేవాడు. ఆ చదువు పోయినందుకు నాకు విచారంగానే ఉంది.

ఇక బుల్లెట్. ఈ పేరుతో రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి 1932లో వచ్చింది. అదే ఏడు జూన్‌లో హైదరాబాద్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. ఆ తొలినాళ్ల బస్సులు ఆల్బియన్‌లు, గ్లాస్గోలో చేసినవి. పాత బుల్లెట్ గేర్‌బాక్స్‌ని కూడా ఆల్బియన్ అంటారు. కానీ అది బర్మింగ్‌హామ్ ఆల్బియన్, వేరే కంపెనీ! నిజాం బస్సులో ఉన్న గేర్‌బాక్సే బుల్లెట్‌లో పెట్టారని ఎవరైనా కథ చెబితే నమ్మకండి. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో పుట్టింది. తర్వాతి దశాబ్దాల్లో సైన్యమూ పోలీసులూ దీన్నే నడిపారు. రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం ఉన్న లక్డీకాపూల్‌లో బుల్లెట్ చప్పుడు వింతేం కాదు.

నాలుగు గేర్ల 350 బుల్లెట్‌కి గేర్‌బాక్స్ మీద 16 పళ్లు, వెనక 38. వెనకది బ్రేక్ డ్రమ్ముతో కలిసిపోయి ఉంటుంది, అందుకని అందరూ మార్చేది ముందుదే. 16 తీసి 17 పెడితే, అదే వేగానికి ఇంజిన్ 100 సార్లు తిరగాల్సిన చోట 94 సార్లు తిరిగితే చాలు. చప్పుడు నిమ్మళిస్తుంది, వణుకు తగ్గుతుంది. పికప్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. అందుకే తెలిసిన మెకానిక్ పానా పట్టకముందే అడుగుతాడు: “సిటీలనే తిప్పుతవా అన్నా, లాంగ్ కొడతవా?” పంజాగుట్ట సిగ్నల్ దగ్గర రోజూ ఆగి ఆగి పోయేవాడికి 16 చాలు. విజయవాడ హైవే పట్టేవాడికి 17 హాయి. 18 పెట్టుకుని ఇద్దరెక్కి శ్రీశైలం ఘాట్‌కి పోతే మాత్రం మూడో గేరులోనే మూలుగుతూ ఎక్కాలి.

17లో నాకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. చైన్‌లో లోపలి లింకు, బయటి లింకు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, మొత్తం సరిసంఖ్య. పళ్లు కూడా సరిసంఖ్య అయితే, ఒక పన్నుకి తొలిరోజు లోపలి లింకు తగిలితే చైన్ విప్పేదాకా దానికి లోపలి లింకే రాసిపెట్టి ఉంటుంది. బేసి అయితే చుట్టు చుట్టుకీ మారుతుంది, అరుగుదల పళ్లన్నిటికీ సమంగా పడుతుంది. పైగా చైన్ గుండ్రంగా కాదు, బహుభుజిలా తిరుగుతుంది కాబట్టి దాని వేగంలో చిన్న కుదుపు తప్పదు. 12 పళ్లకు అది 3.4 శాతం, 16కి 1.9, 17కి 1.7. చెయ్యి పెట్టి చూస్తే తెలిసే తేడా కాదు గానీ, లెక్క లెక్కే.

ఈ ఒక్క పన్ను కోసం ఎడమ వైపు సగం బండి విప్పాలి. ప్రైమరీ మూత ఊడదీయడం తేలికే, దాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక్క నట్టు. ఆయిల్ కారిపోతుంది, కింద డబ్బా పెట్టుకోవాలి. తర్వాత ఆల్టర్నేటర్, క్లచ్, ఇంజిన్ స్ప్రాకెట్, లోపలి మూత. అప్పుడు గాని అసలుది కనపడదు. క్లచ్ విప్పడానికి పుల్లర్ వాడాలి. సుత్తి, ఉలి తీసేవాడి దగ్గర్నుంచి బండి తోసుకుని బయటికి వచ్చేయడం మేలు.

ఇప్పుడు చైన్ కిట్ డబ్బాలో ఏది వస్తే అదే బిగిస్తున్నారు, పళ్లు లెక్కపెట్టేవాడు లేడు. మడమతో నొక్కితే న్యూట్రల్‌కి వచ్చే మీట ఎటూ పోయింది. మీ ఇంట్లో పాత బుల్లెట్ ఉంటే, 17 వేయించుకున్నాక తీసిన 16ని, అరిగిపోనిదైతే, తుక్కు కింద ఇవ్వకండి. నూనె రాసి గుడ్డలో చుట్టి దాచుకోండి, ఘాట్ రోడ్డుకి పనికొస్తుంది.