బాన్సువాడ ప్రాంతము: ప్రాథమిక పాఠశాలలో చరిత్రబోధ, అక్షరబోధ

ప్రాథమిక పాఠశాలలో చదువను వ్రాయను నేర్పుట వేఱు, చరిత్ర బోధించుట వేఱు అను అభిప్రాయము మనలో చిరకాలముగా పాదుకొనియున్నది. చదువుట వచ్చిన పిమ్మటనే చరిత్ర అని సామాన్యముగా తలంతురు. ఈ విభజన సమంజసము కాదనియు, ఊరి చరిత్రయే అక్షరాభ్యాసమునకు ఉత్తమసాధనము కాగలదనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము. పూర్వము నిజామాబాదు జిల్లాలో తాలూకా కేంద్రముగా నుండి, 2016లో కామారెడ్డి జిల్లాలో చేరిన బాన్సువాడ ప్రాంతమును ఇందులకు ఉదాహరణముగా గైకొనుచున్నాము.

పూర్వపు వీథిబడులలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దిరి. ఎక్కములు, శతకపద్యములు, పెద్దబాలశిక్ష వల్లించిరి. ప్రభవ మొదలు అక్షయ వఱకు అఱువది సంవత్సరముల పేర్లును కంఠస్థము చేసిరి. ఆ చదువు ధారణాశక్తిని పెంపొందించినది. కాని అందు కాలము తిరిగి తిరిగి వచ్చు చక్రమే గాని, ఒక ఊరిలో ఒక దినమున జరిగిన సంఘటనలకు ఆధారమగు రేఖ కాదు. తాము నివసించు ఊరి ప్రసక్తియే అందు లేదు.

హైదరాబాదు రాజ్యమున ఈ లోపము మఱింత తీవ్రమైనది. రాజభాష ఉర్దూ; 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. 1920 దశకమున ప్రైవేటు పాఠశాలలపై నిబంధనలు విధింపబడినవి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి చరిత్రగ్రంథములను తెలుగులో వెలువరించినది గాని, అవి చదువు వచ్చిన పెద్దల కొఱకు వ్రాయబడినవి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమాంధ్రమహాసభ జరిగినది. 1937లో నిజామాబాదునందును సభ జరిగినది. మాతృభాషలో విద్య కావలెనను కోరిక ఆ ఉద్యమమునకు జీవనాడి. 1948లో నిజామాబాదు కారాగారమున బందీగా నున్న దాశరథి కృష్ణమాచార్య గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిన సంగతి సుప్రసిద్ధము. అక్షరము కొఱకు ఇంత పోరాటము జరిగిన జిల్లాలో, పిల్లవాడు ఆ అక్షరమును తన ఊరితో నిమిత్తము లేకుండ నేర్చుట విచారింపదగిన విషయము.

మొదటి సాధనము ఊళ్ల పేర్లు. రెండవ, మూడవ తరగతుల పిల్లలకు ద్విత్వాక్షరము, సంయుక్తాక్షరము కష్టములని ఉపాధ్యాయు లందఱెఱుగుదురు. ఈ ప్రాంతమున జుక్కల్, ఎల్లారెడ్డి అనువానిలో ద్విత్వములు కలవు. బాన్సువాడ, పిట్లం, వర్ని, బిచ్కుంద అనువానిలో సంయుక్తములు కలవు. నస్రుల్లాబాదు అను ఒక్క మాటలో రెండును కలవు. ఈ పేర్లను పిల్లవాడు బస్సు పలకలపై నిత్యము చూచుచునే యున్నాడు. అక్షరము తెలిసిన వెంటనే అర్థమును గూర్చిన ప్రశ్న పుట్టును. ‘ఆబాదు’ అనగా జనావాసమని పారసీకమున అర్థము. నిజామాబాదునకు పూర్వనామము ఇందూరు. ‘తండా’ అనునది లంబాడీల నివాసము. ‘క్యాంపు’ అని ముగియు ఊళ్లు ఇచట ఎందులకు కలవు? ఈ ప్రశ్నకు సమాధానము నిజాంసాగరమున లభించును.

మంజీరానదిపై నిజాంసాగర నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. దీని నిర్మాణమునకు సారథ్యము వహించిన యింజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్. సుమారు 2,75,000 ఎకరములకు నీరందింపవలెనని నాటి సంకల్పము. కాలువలు వచ్చిన పిమ్మట కోస్తాంధ్ర జిల్లాలనుండి రైతులు వచ్చి భూములు కొని స్థిరపడిరి. వారి తొలి నివాసములే ‘క్యాంపు’లు. తాత్కాలికమను అర్థముగల ఆ పేరు శాశ్వతముగా నిలిచినది. మఱొకవైపు జలాశయగర్భమున గ్రామములు మునిగినవి. కాలక్రమమున పూడిక చేరి నీటినిలువ తగ్గినది. ఒక్క ఆనకట్టయే లాభము, నష్టము, వలస, కాలక్రమము అను నాలుగు చరిత్రపాఠములను పిల్లవాని కన్నులయెదుట నిలుపుచున్నది.

అయితే స్థానికచరిత్రలో ఒక ప్రమాదము కలదు. వినికిడికిని, ప్రమాణమునకును భేదము తెలియనిచో అది పుక్కిటిపురాణముగా మాఱును. ఈ భేదమును నేర్పుటకు తెలుగుభాషయందే ఒక సాధనము సిద్ధముగా నున్నది. అది ‘అట’ అను చిన్నమాట. “కాలువలో నీరున్నది” అనునది చూచి చెప్పిన మాట. “మా ముత్తాత ఆనకట్టకు రాళ్లు మోసినాడట” అనునది విని చెప్పిన మాట. “ఆనకట్ట 1931లో పూర్తియైనదని వ్రాసియున్నది” అనునది చదివి చెప్పిన మాట. పలకపై మూడు గడులు గీయించి, చూచినది, విన్నది, చదివినది అని ఊరిని గూర్చిన వాక్యములను పిల్లలచేత వ్రాయింపవలెను. వాక్యరచనయు, చరిత్రవిమర్శయు ఒక్కమాఱే అలవడును. పై తరగతులకు వచ్చిన పిమ్మట, సమీపమునగల బోధనును అశ్మక జనపద రాజధానియగు పోదనముగా పండితులు గుర్తించుచున్నారు అను వాక్యమును చదివినపుడు, ఇది చూచినదియు కాదు, కేవలము విన్నదియు కాదు, ఆధారములనుబట్టి ఊహించినది అని విద్యార్థి తానే నాల్గవ గడిని కల్పించుకొనును.

ఈ పద్ధతికి ఒక ఆక్షేపణ సహజము. తండాలలోని పిల్లల యింటిభాష లంబాడీ. జుక్కల్, మద్నూర్ ప్రాంతములలో కన్నడ, మరాఠీ భాషలును వినబడును. ‘అట’ యొక్క సారస్యము వారికెట్లు తెలియునని ప్రశ్నింపవచ్చును. తాతముత్తాతల కథలను పిల్లవాడు తన యింటిభాషలో చెప్పి, ఉపాధ్యాయుని సాయమున తెలుగులో వ్రాసినచో ఆక్షేపణ చాలవఱకు తొలగును. పరభాష నేర్చుటకు తన కథకంటె తగిన పాఠము లేదు. పైగా అట్టి కథలు గ్రంథములలో చేరనివి, వ్రాసిననే నిలుచును.

1931 నాటి పనివారిలో నేడు సాక్ష్యము చెప్పువారు లేరు. వారిని గూర్చి వారి మనుమలు మాత్రమే ‘అట’ అని చెప్పగలరు. ఆ తరమును వృద్ధాప్యమున నున్నది. ఆ మాటలు పలకపైనుండి కాగితమునకు ఎక్కవలసిన సమయమిది. విశ్వవిద్యాలయములలో పరిశోధన చేయు విద్యార్థులు శాసనములతోపాటు ఈ ప్రాథమిక పాఠశాలల నోటుపుస్తకములను గూడ ఆధారములుగా భావించి సేకరించినచో, ఉపాధ్యాయుల కృషి సార్థకమగుటయే గాక ప్రాంతీయచరిత్రకు ఒక నూతనసామగ్రి సమకూడగలదని మా విశ్వాసము.