పాల్, ఎన్‌టీఎస్‌సీల మధ్య డీవీడీ

డీవీడీలను తిరిగి ఆథరింగ్ చేసేవారిని వేధించిన ఫార్మాట్ చిక్కులు చాలావరకు కరెంటు నుంచి వచ్చినవే. అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులతో, ఐరోపాలోనూ భారతదేశంలోనూ 50 ఆవృత్తులతో సరఫరా అవుతుంది. తొలినాటి టీవీల్లో బొమ్మ వేగం దీనితో పొసగకపోతే తెర మీద చారలు పాకేవి. అందుకే 1941లో అమెరికా ఆమోదించిన ఎన్‌టీఎస్‌సీ ప్రమాణంలో 525 గీతలు, కరెంటు ఆవృత్తిలో సగంగా సెకనుకు 30 ఫ్రేములు ఉండేవి. 1953లో రంగులు చేర్చినప్పుడు, రంగు సంకేతం ధ్వని సంకేతానికి అడ్డుపడకుండా ఆ వేగాన్ని సుమారు వెయ్యింట ఒక వంతు తగ్గించి 29.97 చేశారు. ఆనాడు సర్దుబాటుగా తెచ్చిన ఈ భిన్నం అర్ధశతాబ్దం తరువాత కంప్యూటర్ల ముందు కూర్చున్నవారికీ తలనొప్పి అయింది.

ఐరోపాది మరో దారి. జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థకు చెందిన వాల్టర్ బ్రూక్ రూపొందించిన పాల్ పద్ధతిలో 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. 1967లో పశ్చిమ జర్మనీ, బ్రిటన్ ఆ పద్ధతిలో రంగుల ప్రసారాలు మొదలుపెట్టాయి. 1982లో రంగుల టీవీ వచ్చినప్పుడు భారతదేశమూ పాల్‌నే తీసుకుంది.

1996 చివర జపాన్‌లో, 1997లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చిన డీవీడీ ఈ చీలికను మాపలేదు. డిజిటల్ డిస్కుకు అనలాగ్ టీవీ గీతలతో పనేమిటన్న ప్రశ్న సహజమే. కానీ ఆ డిస్కు పనిచేయాల్సింది అప్పటికే ఇళ్లలో ఉన్న టీవీల మీద. కాబట్టి ఎన్‌టీఎస్‌సీ డిస్కుకు 720 × 480 పిక్సెళ్లు, పాల్ డిస్కుకు 720 × 576 పిక్సెళ్లు అని రెండు ప్రధాన కొలతలు నిర్ణయించారు. రెండింటిలోనూ వీడియో సాధారణంగా ఎంపెగ్-2 కుదింపులోనే ఉంటుంది, అయినా డిస్కులో వీడియోలను కట్టగా ఉంచే ఒక టైటిల్ సెట్‌లో ఈ రెండూ కలిసి ఉండకూడదు.

సెకనుకు 24 ఫ్రేముల సినిమాను ఈ రెండు లోకాలూ వేర్వేరుగా సర్దుకున్నాయి. పాల్‌లో సినిమాను నాలుగు శాతం వేగంగా నడిపేవారు. గొంతులు కొద్దిగా పైస్థాయికి వెళ్లినా చాలామంది గమనించేవారు కారు. ఎన్‌టీఎస్‌సీలో ఒక ఫ్రేమును రెండు ఫీల్డులుగా (ఒక గీత వదిలి ఒక గీతతో ఏర్పడే సగం బొమ్మలుగా), తరువాతిదాన్ని మూడు ఫీల్డులుగా చూపేవారు. డీవీడీలో దీనికి ఒక తెలివైన ఏర్పాటు ఉంది. ఫీల్డును మళ్లీ చూపమని ప్లేయర్‌కు చెప్పే గుర్తు ఎంపెగ్-2 ప్రవాహంలోనే ఉంటుంది. చిత్రాన్ని ముట్టుకోకుండా గుర్తులు మాత్రమే మార్చి వేగాన్ని సరిచేయవచ్చన్న ఆలోచన దీని నుంచే పుట్టింది.

ఆథరింగ్ అంటే వీడియో, ధ్వని, ఉపశీర్షికలు, మెనూలను వీఓబీ ఫైళ్లుగా అల్లి, వాటికి దారి చూపే ఐఎఫ్ఓ ఫైళ్లను రాయడం. తిరిగి ఆథరింగ్ చేసేవారు ఆ అల్లికను విప్పి, కావలసినవి ఉంచి, మళ్లీ అల్లుతారు. విప్పినప్పుడు ఏ ముక్క ఏ ప్రమాణానిదో బయటపడుతుంది. 2000 తరువాత వర్చువల్‌డబ్, ఏవీసింత్, ఎఫ్ఎఫ్ఎంపెగ్, డీవీడీఆథర్ వంటి ఉచిత సాధనాలు రావడంతో ఈ పని స్టూడియోల నుంచి ఇళ్లకు చేరింది. వాటిని వాడినవారు త్వరగానే పట్టుకున్న సూత్రం ఒకటుంది: తప్పనిసరి అయితే తప్ప వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకూడదు. ఒకసారి కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే పోయిన వివరం తిరిగి రాదు.

భారతదేశంలో ఎంతో ఆదరణ పొందిన వీసీడీల విషయంలో ఈ సూత్రం బాగా పనికొచ్చింది. వీసీడీలోని 352 × 288 ఎంపెగ్-1 చిత్రం డీవీడీకీ సమ్మతమే. అడ్డొచ్చేది ధ్వని: వీసీడీలో 44.1 కిలోహెర్ట్జ్, డీవీడీ అడిగేది 48. ధ్వనిని మాత్రం మార్చి, చిత్రాన్ని యథాతథంగా ఉంచితే సరిపోయేది. సూపర్ వీసీడీకి ఆ సౌలభ్యం లేదు. దాని 480 పిక్సెళ్ల వెడల్పు డీవీడీ నిబంధనల్లో లేనందువల్ల మళ్లీ ఎన్‌కోడ్ చేయడమే సరైన మార్గం. కొందరు ఫైలు మొదట్లోని కొలతను మార్చి ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఒప్పించేవారు. అలా చేసిన డిస్కు ఒక ప్లేయర్‌లో ఆడితే మరోదానిలో మొరాయించేది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ తేడా పెళ్లి వీడియోల రూపంలో ఎదురైంది. భారతదేశంలోని కెమెరాలు తీసేది పాల్‌లో. భారతీయ ప్లేయర్లలో చాలావరకు రెండు ప్రమాణాలనూ ఆడించగలిగినా, అమెరికా ప్లేయర్లు, టీవీలు ఎక్కువగా ఎన్‌టీఎస్‌సీకే పరిమితమై ఉండేవి. చాలామంది దీన్ని ప్రాంతీయ కోడ్ సమస్య అనుకునేవారు. అది వేరు: అమెరికాకు 1, భారత్‌కు 5 అన్న ఆ కోడ్ వాణిజ్య పంపిణీకి సంబంధించినది. కోడ్ లేని ఇంటి డిస్కు కూడా పాల్‌లో ఉంటే అక్కడ ఆడకపోయే అవకాశం ఉండేది.

పెళ్లి వీడియోను మార్చడం సినిమాను మార్చినంత తేలిక కాదు. కెమెరా సెకనుకు 50 ఫీల్డులు తీస్తుంది, ప్రతి ఫీల్డూ వేరే క్షణానిది. రెండు ఫీల్డులనూ కలిపి ఒకే బొమ్మగా 576 నుంచి 480 గీతలకు కుదిస్తే, వేర్వేరు క్షణాల గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కదిలే మనుషుల అంచులు చెదిరిపోతాయి. ఫీల్డులను విడదీసి 50 పూర్తి ఫ్రేములుగా చేసి, వాటిని కుదించి, 59.94కు పెంచి, మళ్లీ ఫీల్డులుగా అల్లడం సరైన వరుస. డీవీ కెమెరాలు దిగువ ఫీల్డును ముందు ఇస్తాయి కాబట్టి ఆ క్రమాన్నీ చూసుకోవాలి. అది తారుమారైతే కదలిక ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతుంది. నిశ్చలంగా ఉన్న దృశ్యంలో ఈ తప్పు కనబడదు, నడుస్తున్న మనిషి మీద వెంటనే తెలిసిపోతుంది. అందుకని కదలిక ఎక్కువగా ఉన్న ముక్కను ముందు డిస్కుకెక్కించి టీవీలో చూసుకోవడం మంచి అలవాటు.

ఫ్లాట్ టీవీలు, కంప్యూటర్లు వచ్చాక 25, 29.97ల తేడా ఆటను ఆపేంతటి అడ్డంకిగా మిగలలేదు. పాత డీవీడీలను నేడు భద్రపరచేవారికి ప్రమాణం మార్చాల్సిన అవసరం దాదాపు లేదు. వీఓబీలోని ఎంపెగ్-2 ప్రవాహాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఎంకేవీ ఫైలులోకి మార్చితే ఫీల్డులు, వేగం, పిక్సెళ్ల నిష్పత్తి అన్నీ ఉన్నవి ఉన్నట్టే నిలుస్తాయి. ఎంపీ4గా కుదించిన ప్రతిని చూసుకోవడానికి వాడుకోవచ్చు, అసలు ప్రవాహాన్ని మాత్రం పారేయకూడదు.