కొల్లేటి గూడబాతులు: కాచినవారు, చూచినవారు

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న కొల్లేరు మన దేశపు పెద్ద మంచినీటి సరస్సులలో నొకటి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగు ఏరుల నీ రిందు చేరి, ఉప్పుటేరు గుండా బంగాళాఖాతమునకు పోవును. శీతకాలమున దూరదేశముల నుండి బాతులు, ఉల్లంకులు ఇచ్చటికి మేతకై వచ్చును. కాని కొల్లేటి కథలో ముఖ్యపాత్ర వలసపక్షులది కాదు, గూడబాతుది. ముక్కు క్రింద సంచి గల ఈ పెద్ద పక్షి మన దేశముననే గూడు కట్టి పిల్లలను పెంచును.

గూడబాతు మనిషికి దూరముగ బ్రతుకు జాతి యనుకొనుట పొరపాటు. 19వ శతాబ్దిలో భారత పక్షులను గూర్చి గ్రంథము వ్రాసిన జెర్డన్ దొర, దక్షిణాదిని ఒక గ్రామము నడుమ, అంతగా ఎత్తులేని చెట్లపై ఇవి గూళ్ళు కట్టియుండుట చూచెను. తరతరములుగా అవి అచ్చటనే యున్నవని ఊరివారు ఆతనితో చెప్పిరి.

ఊరివారు పక్షులనేల కాతురు? చెంగల్పట్టు సీమలోని వేడందాంగల్ ఇందుకు మంచి సమాధానము. అరవమున ఆ పేరునకు వేటగాని పల్లె యని యర్థము. వింత యేమనగా, పక్షులను కాచుటలో ఆ పల్లెయే ముందు నిలిచినది. చెరువులోని చెట్లపై వ్రాలు పక్షుల రెట్ట నీటిలో కలసి, ఆ నీరు పారిన పొలములకు ఎరువగుచుండెను. సిపాయిలు కొందరు తుపాకులతో వచ్చి కొంగలను కాల్చగా, రైతులు కలెక్టరు లయొనెల్ ప్లేసుతో మొరపెట్టుకొని, 1798 ప్రాంతమున కౌలు పత్రము పొందిరి. 1858లో దానిని మరల వ్రాయించుకొనిరి. రాజులు ఇచ్చిన దానశాసనములు మన సీమలో కొల్లలు. పక్షుల కొరకు రైతులడిగి తెచ్చుకొన్న పత్రము మాత్రము అరుదు.

కొల్లేటి ప్రాంతపు గూళ్ళు శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చుటకు 1946 వరకు పట్టినది. తరువాతి కాలమున ఇందుచూడన్ అను పేరుతో మలయాళమున కేరళ పక్షులను గూర్చి గ్రంథము వ్రాసిన కె. కె. నీలకంఠన్ ఆ సంవత్సరమున పశ్చిమ గోదావరి జిల్లాలో ఇంచుమించు 3,000 గూడబాతులు గూళ్ళు కట్టిన తావును కనుగొనెను. కనుగొనెను అనుట పుస్తకముల మాట. పల్లెవారికి అందులో క్రొత్త యేమియు లేదు. అయినను, ఆయన వ్రాసి ప్రకటింపకున్నచో ఆ లెక్క నేడు మనకు దక్కెడిది కాదు. ఏలయన, 1975 నాటికి ఆ గూళ్ళు అంతరించినవి. వేలకొలది పక్షులు నిండిన చెట్లు ముప్పది యేండ్లలో శూన్యమైనవి.

పక్షులను చూచుట ఒంటరివాని వేడుకగ మొదలై, క్రమముగ జట్టు పని యైనది. 1941లో సాలిం అలీ ఆంగ్లమున వెలువరించిన భారతీయ పక్షుల గ్రంథము సామాన్యులకును ఈ విద్యను అందించెను. 1980లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ పక్షివీక్షకుల సంఘము ఏర్పడెను. 1987 నుండి ఆసియా దేశములందు జనవరి మాసమున నీటిపక్షులను లెక్కించు ఏర్పాటు సాగుచున్నది. జట్టువారు తెల్లవారకమునుపే బయలుదేరి, సూర్యుని వెనుక నుంచుకొని నిలుతురు. ఒకరు దుర్భిణితో చూచి జాతి పేరు చెప్పగా, మరియొకరు పదులుగా లెక్కింతురు, వేరొకరు వ్రాయుదురు. గూళ్ళ దరికి పోరాదన్నది మొదటి నియమము. తల్లిపక్షి బెదరి లేచినచో గ్రుడ్లు ఎండకు చెడును, లేదా కాకుల పాలగును. ఈ నియమము తెలియని పదిమంది వేడుకరుల కంటె తెలిసిన ఒక్క పసులకాపరి పక్షులకు మేలు.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు విస్తరించి నీటి దారులను అడ్డగించినవి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు పక్షి సంరక్షణ కేంద్రముగ ప్రకటింపబడెను. 2002లో కొల్లేరు రాంసార్ జాబితా కెక్కెను. 2006లో ప్రభుత్వము గట్లను త్రెంచెను. ఆ చెరువులపై బ్రతికిన పేదల గోడు నేటికిని పూర్తిగా తీరలేదు. వేడందాంగల్ రైతునకు పక్షి వలన పంట పెరిగినది. కొల్లేటి వానికి పక్షి పేరిట చెరువు పోయినది. ఈ భేదమును మరచి కొల్లేటి చరిత్ర వ్రాయుట న్యాయము కాదు.

నేడు కైకలూరు చెంత ఆటపాకలో గూడబాతులు మరల గూళ్ళు కట్టుచున్నవి. చెట్లు చాలనందున నీటిలో ఇనుప మంచెలు నిలిపిరి. పక్షులు వానిపై పుల్లలు పేర్చుకొని పిల్లలను పెంచుచున్నవి. జట్టులుగ వచ్చువారు పడవలలో కూర్చుండి, దూరము నుండియే మంచె మంచెకు లెక్క వ్రాసికొందురు.