అసలు ఊరు

కర్నూలు నుంచి రాజమండ్రికి మకాం మార్చిన మూడో వారంలో మేము గోదావరి మీద లాంచీ ఎక్కాం. అప్పటికి ఊరిని వీధుల్లోంచి చాలానే చూశాం, అద్దె ఇంటి కోసం తిరిగి. తలుపు తీసినవాళ్లందరూ మర్యాదగానే మాట్లాడారు. గోదావరి మర్యాదకి వంక పెట్టలేం. పేరు చెప్పేదాకా ఇల్లు ఖాళీగానే ఉండేది. పేరు చెప్పగానే వాళ్ల బంధువులెవరో వచ్చే నెల దిగుతున్నారని గుర్తొచ్చేది. చివరికి ఇన్నీసుపేటలో ఒక పెద్దాయన ఇల్లిచ్చారు. తాళం చేతికిస్తూ, "మీరు తెలుగు భలే మాట్లాడతారండీ!" అన్నారు. ఇరవయ్యేళ్లుగా తెలుగు రాసి పొట్టపోసుకుంటున్న మేము ఆ మెప్పుకి ఏం జవాబు చెప్పాలో తెలీక నవ్వి ఊరుకున్నాం.

పుష్కర ఘాట్ దగ్గర లాంచీ. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర జరిగింది ఎవరూ మర్చిపోలేదు. అందరికీ లైఫ్ జాకెట్లు కట్టించేదాకా సరంగు ఇంజను ముట్టుకోలేదు. మైకు పట్టుకున్న కుర్రాడు హుషారైనవాడు. రాజరాజనరేంద్రుడితో మొదలెట్టాడు, నన్నయ భారతం చెప్పాడు. ఆ తర్వాత ఒక్క గంతు వేసి కాటన్ దొర దగ్గర దిగాడు. పదకొండో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దానికి. ఆ గంతులో ఒక్కచోట మాత్రం కాలు తగిలింది: "మధ్యలో తురకలొచ్చి అంతా పాడుచేశారండి." లాంచీలో ఎవరూ మా వైపు చూడలేదు. మా అమ్మాయి చూసింది.

ఆ ఎనిమిది వందల ఏళ్లని ఆ కుర్రాడు మింగాడని మేము అనం. అతనికి ఎవరూ చెప్పలేదు. మాకు మాత్రం ఎవరు చెప్పారు? బి.ఏ.లో చరిత్ర చదివాం. రాజమండ్రి అనగానే మాకూ ఆనకట్టే గుర్తొచ్చేది.

1323లో ఓరుగల్లు పడింది. మరుసటి ఏడే ఈ ఊళ్లో మసీదు లేచింది. గియాసుద్దీన్ తుగ్లక్ ఏలుబడిలో సాలార్ ఉల్వీ కట్టించాడని, హిజ్రీ 724 రంజాన్ 20, అంటే 1324 సెప్టెంబర్ అని దాని పారశీక శాసనం చెబుతుంది. అక్కడ అంతకుముందు వేణుగోపాలస్వామి గుడి ఉండేదని ఊళ్లో చెప్పుకుంటారు. కొత్త ఊళ్లో ముసల్మాను కుటుంబం ఈ మాట విన్నప్పుడు రెండే పనులు చేస్తుంది: తల వంచుకోవడం, లేదా వాదనకి దిగడం. మేము రెండూ చేసి విసిగాం. సైన్యం వెంట వచ్చినవాడు గుడి జోలికి పోడని మేము హామీ ఇవ్వలేం. సాలార్ ఉల్వీ మా ముత్తాతా కాదు. ఓరుగల్లు కొల్లసొమ్ములో మా వాటా ఎవరూ పంపలేదు.

విలస శాసనాన్ని కూడా దాచం. కోనసీమలోని ఆ ఊరిని ముసునూరి ప్రోలయ నాయకుడు ఒక బ్రాహ్మణుడికి దానమిచ్చినప్పుడు చెక్కించిన రాగిరేకుల్లో తురుష్కుల దౌర్జన్యాల వర్ణన ఉంది. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. తురుష్కుల్ని తరిమిన ప్రోలయ నాయకుడు ఈ నదికే ఎగువన ఉన్న రేకపల్లిలో ఉండి పాలించాడు. అక్కడితో కథ ఆపితే చాలామందికి హాయి. కానీ ఆయన తర్వాత వచ్చిన కాపయ నాయకుడు, ఢిల్లీ మీద తిరగబడ్డ దౌలతాబాద్ అమీర్లకి సాయం పంపాడు. ఆ తిరుగుబాటులోంచే 1347లో బహమనీ రాజ్యం పుట్టింది. కాపయకి దక్కిన ప్రతిఫలం ఏమిటంటే, అదే బహమనీ సుల్తాను తన మీదికే వస్తే కౌలాస్ కోట వదులుకోవడం. ఎవరు ఎవరివైపు ఉన్నారో చెప్పండి! రాజులు రాజుల వైపే ఉన్నారు.

1571-72 ప్రాంతంలో రాజమండ్రి గోల్కొండ చేతికి వచ్చింది. అప్పటి సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా. తెలుగు కవులు ముద్దుగా మల్కిభరాముడు అనుకున్నది ఈయన్నే. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితం పుచ్చుకున్నదీ ఈయనే. మరో కవి పొన్నెగంటి తెలగనార్యుడి అచ్చ తెలుగు కావ్యం యయాతి చరిత్ర అంకితం పొందినవాడు అమీన్‌ఖాన్, ఈ సుల్తాను కాలంవాడే. నన్నయ ఊరిని గెలిచినవాడు తెలుగు కవిత్వం వింటూ కూర్చున్నాడన్న సంగతి మైకులో చెబితే ప్రయాణం ఇంకో రెండు నిమిషాలు పట్టేది, అంతే.

భద్రాచలం పేరు మాత్రం కుర్రాడు చెప్పాడు. ఆ కథలో మాకు రెండు వేషాలున్నాయి: గోపన్నని ఖైదు చేసిన తానీషా ఒకటి, రాములవారి పెళ్లికి ముత్యాలు పంపే తానీషా ఒకటి. ఎవరికి ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. మామూలు ముసల్మానుకి అందులో వేషం లేదు.

ఆ తర్వాతిది త్వరగా చెప్పొచ్చు. 1753లో సలాబత్ జంగ్ ఈ సర్కార్లని ఫ్రెంచి బుస్సీకి రాసిచ్చాడు. 1766లో నిజాం ఇంగ్లీషువాళ్లకి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఇద్దరూ ఇక్కడి మొహల్లాలని అడగలేదు, అగ్రహారాలనీ అడగలేదు.

అప్పుడు కాటన్ వచ్చాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కరువుకీ ఉప్పెనకీ నడుమ నలిగిన డెల్టా పచ్చబడింది. ఆయన బొమ్మకి దండ వేసే రైతు మీద మాకేం ఫిర్యాదు లేదు, అన్నం మేమూ తింటున్నాం. కాకపోతే ఒక చిన్న లెక్క. కుంపిణీ ఇంజనీరు ఒక్క ఆనకట్టతో ఇంటివాడయ్యాడు. ఏడువందల ఏళ్ల మసీదులో నమాజు చేసేవాళ్లం ఇంకా చుట్టపుచూపుగానే ఉన్నాం. కాటన్ దొరని అసలు ఊరేదని ఎవరూ అడగరు.

ఇక్కడ మా తప్పూ ఒకటుంది. ఈ జిల్లాల్లో ఇంట్లోనూ బయటా తెలుగే మాట్లాడే దూదేకులున్నారు. ఉర్దూ రానివాడు ముసల్మానేమిటని వాళ్లని చిన్నచూపు చూసింది మాలాంటి ఉర్దూవాళ్లమే. మా నానీమా బతికున్నంతకాలం దూదేకుల ఇంటి సంబంధం మాటెత్తనివ్వలేదు. పిఠాపురం ఉమర్ అలీషా (1885-1945) తెలుగులో పద్యాలు, నాటకాలు రాశాడు, ఖయ్యాంని పారశీకం నుంచి తెచ్చాడు, కేంద్ర శాసనసభలో కూర్చున్నాడు. మా ఇళ్లలో ఇక్బాల్ పేరు తెలిసిన పిల్లల్లో ఎంతమందికి ఈయన పేరు తెలుసు? మేము కూడా ముప్పై దాటాకే విన్నాం.

పాత హేవలాక్ వంతెన కిందకి వచ్చాం. 1900లో తెరిచారు, 1997లో రైళ్లు ఆగిపోయాయి. పక్కనే విల్లుల్లాంటి కమానుల కొత్త వంతెన మీద గూడ్సు బండి పోతోంది. మైకు ఆగింది, కుర్రాడు టీ తాగుతున్నాడు. మేము సరంగు దగ్గరికి వెళ్లి కూర్చున్నాం. అంతర్వేది వైపు మనిషి. వాళ్ల నాన్న ధాన్యం పడవ మీద కాలవల్లో తిరిగేవాడట. లాకుల దగ్గర లస్కరు తలుపులెత్తేదాకా అన్నం వండుకుంటూ కాచుకునేవారట.

మా అమ్మాయి మెల్లగా అడిగింది: "అబ్బా, లస్కరంటే మన లష్కరేనా?"

అవును, అదే. పారశీకంలో సైన్యం. కాటన్ కాలవలకి కాపలా కాసినవాడికి ఆ పేరే వచ్చింది. సర్‌హంగ్ సరంగయ్యాడు. లంగర్ లంగరైంది. మన ఖలాసీ ఇక్కడా ఖలాసీయే. ఓడరేవుకి పారశీకులు పెట్టుకున్న మాటే మచిలీపట్నం వాళ్లకి బందరు. సరంగుకి చెబితే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "పడవ పని అందరిదీ కదండీ," అని చుక్కాని తిప్పాడు. ఆయనకి చుక్కాని ముఖ్యం, మాకు మాట ముఖ్యం.

ఒడ్డు దగ్గర పడుతుండగా పక్క బెంచీలో కుటుంబంతో వచ్చినాయన పలకరించారు. కొబ్బరి ముక్కలు పెట్టారు. మాటల్లో పడి, "మీదే ఊరండీ?" అన్నారు.

"ఇన్నీసుపేట," అన్నాం.

"అబ్బే, అది కాదండీ. అసలు ఊరు?"

అమ్మాయి మా మొహంలోకి చూస్తోంది. వెనక సరంగు ఖలాసీని కేకేశాడు, లంగరు వెయ్యమని.

"ఇన్నీసుపేటేనండీ," అంది అమ్మాయి. ఆయన ఇంకో కొబ్బరి ముక్క ఇచ్చారు.