ఉప్పు కట్టిన ఊరు

ఫ్రాన్సు దేశపు పడమటి తీరమున, ఒలెరాన్ ద్వీపమున కెదురుగా, చదునైన చిత్తడినేలల నడుమ నాలుగు వైపుల కోటగోడలతో నిలిచియున్న చిన్న గ్రామము మా బ్రువాజ్. గోడల వెలుపల ఆవులు మేయుచుండును. కాలువగట్లపై కొంగలు తిరుగుచుండును. ఆ పచ్చికబయలు ఒకప్పుడు ఓడలు తేలిన నీరని చెప్పినచో క్రొత్తవారు వెంటనే నమ్మజాలరు.

ఈ ఊరికి తల్లియు దండ్రియు ఉప్పే. పోటు వచ్చినపుడు చేరిన సముద్రజలమును మడినుండి మడికి మెల్లగా పారించి, ఎండకును గాలికిని వదలి, అడుగున తెల్లని పలుకులు కట్టగానే గట్టునకు లాగి కుప్పలు పోయుట ఇచటివారి పూర్వవృత్తి. చేపలను ఊరవేసికొను ఉత్తరదేశస్థులకు ఆ ఉప్పు అత్యావశ్యకము. దానికై వట్టిగా వచ్చు ఓడలు, అలలపై ఒరగిపోకుండుటకు అడుగున రాళ్ళు నింపుకొని వచ్చి, వానిని ఇచ్చట దింపి, ఉప్పు నెత్తుకొని పోయెడివి. అట్లు కుప్పపడిన పరదేశపు రాళ్ళే బురదను గట్టిపఱచి, 1555లో జాక్ ద పోన్స్ తన పేర జాకొపోలిస్ అని స్థాపించిన ఈ పట్టణమునకు పునాది యైనవి.

ఊరు నిలిపిన రాళ్ళే రేవునకు శత్రువులును అయ్యెను. మతయుద్ధముల కాలమున, 1586లో, లా రొషెల్ పక్షమువారు రాళ్ళు నింపిన ఓడలను మా రేవు ముఖమున ముంచివైచిరి. పిమ్మట రిషెల్యూ మంత్రి ఈ స్థలమును రాజ్యరక్షణకు కీలకముగా నెంచి, 1630 మొదలు పదేండ్లపాటు నేడు మనము చూచు బురుజులను, ప్రాకారమును కట్టించెను. క్విబెక్ నగరమును 1608లో స్థాపించిన నావికుడు షాంప్లేన్ ఈ ఊరివాడే. పద్నాలుగవ లూయీ వలచిన మరీ మాన్సినీని రాజకార్యార్థము 1659లో ఇచటికి పంపివేసిరి. యాత్రికులు తఱచుగా అడుగునది ఆ కథనే.

కాని కోట యెంత దృఢమైనను ఒండ్రుమట్టి నాపజాలలేదు. పోటుతో చేరిన ఒండ్రు ఏటేట కాలువను పూడ్చుచుండగా, 1666లో రొష్ఫోర్ నౌకాశాల వెలసి రాజనౌకలను తనవైపు త్రిప్పుకొనెను. ఉప్పుమడులు పాడుపడి, నిలువనీట జ్వరములు పుట్టి, జనము తఱిగిపోయిరి. సముద్రము కొన్ని కిలోమీటర్ల దూరమునకు తొలగిపోయినది.

అయినను మా పూర్వులు పూర్తిగా మాసిపోలేదు. రాజద్వారపు గోడలపై, ఎవరో పేరు తెలియని చేతులు కత్తిమొనతో గీచిన ఓడలు కలవు. వ్రేలితో తడిమినచో కొయ్యస్తంభములును, వాని నుండి దిగు త్రాళ్ళును నేటికిని తగులును. రాజుగారి ప్రేమకథకై వచ్చిన అతిథిని నేను మొదట ఆ గోడయొద్దకే తోడ్కొని పోవుదును; ఏలయన ఈ ఊరిని కట్టినవారు ఉప్పు లాగినవారును, రాళ్ళు మోసినవారును; వారు వ్రాసికొన్న చరిత్ర అదియే.