రాత్రి బడిలో పుట్టిన బొమ్మల చదువు

"పిల్లకి బీఎఫ్‌ఏ అయిపోయిందన్నా. ఇప్పుడు కెనడా పోయి ఆర్ట్ ఎడ్యుకేషన్‌లో ఎం.ఏ. చేస్తానంటోంది. బొమ్మలు నేర్పడానికి కూడా అంత ఖర్చుపెట్టి చదవాలా?" గల్ఫ్‌లో ఉన్న మన శ్రోతలు అడిగే ప్రశ్న ఇది. ఎపిసోడ్‌లో టైము చాల్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఈ చదువు ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది.

హాలిఫాక్స్ రేవుపట్నంలో 1887లో విక్టోరియా స్కూల్ ఆఫ్ ఆర్ట్ అండ్ డిజైన్ పెట్టారు. పగలంతా పనిచేసేవాళ్ళకి అక్కడ సాయంత్రాలు మెకానికల్ డ్రాయింగ్ నేర్పేవారు. అంటే ఐటీఐలో మేం టీ-స్క్వేర్ పట్టుకుని నేర్చుకున్నదే! ఆ బడి పెట్టించినవాళ్ళలో ముఖ్యురాలు అన్నా లియోనోవెన్స్, సయాం రాజు పిల్లలకి పాఠాలు చెప్పిన ఆవిడ. ఆవిడ పుట్టింది 1831లో మన అహ్మద్‌నగర్‌లో. ఆ సంగతి దాచిపెట్టి వేల్స్‌లో పుట్టానని చెప్పుకుంది. పరాయి దేశంలో పుట్టిన ఊరు దాచుకోవాల్సి రావడం ఎట్లాంటిదో మనలో కొందరికి తెలుసు.

1916లో ఆ బడికి ప్రిన్సిపాల్‌గా వచ్చినాయన ఆర్థర్ లిస్మర్. ఇంగ్లండులో షెఫీల్డ్ ఆయన ఊరు. పదమూడేళ్ళకే ఎన్‌గ్రేవింగ్ పనిలో చేరి, రాత్రిళ్ళు ఆర్ట్ స్కూలుకి పోయాడు. 1911లో పని వెతుక్కుంటూ కెనడా వచ్చాడు. 'గ్రూప్ ఆఫ్ సెవెన్' చిత్రకారుల్లో ఒకడిగా ఆయనకి పెద్ద పేరుంది. నన్నడిగితే అంతకన్నా పెద్ద పని, టొరంటో గ్యాలరీలోనూ తర్వాత మాంట్రియల్‌లోనూ పిల్లలకి పెట్టిన బొమ్మల క్లాసులు.

మాంట్రియల్లోనే బారన్ బింగ్ హైస్కూలుండేది. తూర్పు యూరప్ నుంచి వలసొచ్చిన యూదుల పిల్లలే అందులో ఎక్కువ. చాలామంది తల్లిదండ్రులు బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసేవాళ్ళు. ఆన్ సావేజ్ అనే టీచరమ్మ 1922 నుంచి పాతికేళ్ళు ఆ పిల్లలకి బొమ్మలు నేర్పింది. ఆమె దగ్గర చదివినవాళ్ళే ఆల్‌ఫ్రెడ్ పిన్‌స్కీ, లియా షెర్మన్. వాళ్ళిద్దరూ సర్ జార్జ్ విలియమ్స్ యూనివర్సిటీలో ఆర్ట్ ఎడ్యుకేషన్ చదువుకి పునాది వేశారు. ఆ యూనివర్సిటీ కూడా 1873లో వైఎంసీఏ వాళ్ళు పనివాళ్ళ కోసం పెట్టిన సాయంత్రం క్లాసుల్లోంచి పెరిగిందే. 1974లో లయోలా కాలేజీతో కలిసి అది కాంకోర్డియా అయింది. ఇవాళ మన పిల్లలు అప్లై చేసే ఎం.ఏ. ఆ గూటిదే. కూలిపని చేసే వలస తల్లిదండ్రుల పిల్లలు కట్టుకున్న చదువిది. కాబట్టి ఇది మనలాంటోళ్ళకి కాదని పిల్లని వెనక్కి లాగొద్దు.

డబ్బు సంగతి మాత్రం గట్టిగా చూసుకోవాలి. బడిలో పిల్లలకి నేర్పడం వేరు, గ్యాలరీలో, కాలనీ సెంటర్లో పెద్దవాళ్ళకి నేర్పడం వేరు, పరిశోధన వేరు. ఎం.ఏ. చేసినంతమాత్రాన కెనడా బడిలో టీచరు ఉద్యోగం రాదు. దానికి లైసెన్సుండాలి, అదీ ఏ ప్రావిన్సుకి ఆ ప్రావిన్సే ఇస్తుంది. ఒంటారియోలో అయితే ఒంటారియో కాలేజ్ ఆఫ్ టీచర్స్. పేరులో కాలేజీ అని ఉన్నా అది చదువు చెప్పదు, లైసెన్సులిచ్చే సంస్థ. వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో ఈ సబ్జెక్టులోనే థీసిస్ రాసే ఎం.ఏ. ఉంది, ఎం.ఎడ్. కూడా ఉంది. బడి టీచరు కావాలంటే బీఎడ్ దారి వేరే. కాంకోర్డియాకి పోవాలంటే స్టడీ పర్మిట్‌కి ముందు క్యూబెక్ ప్రభుత్వం దగ్గర సీఏక్యూ అనే కాగితం తీసుకోవాలి. పాఠాలు ఇంగ్లీషులోనే గానీ, బయట ఉద్యోగానికి ఫ్రెంచి అడుగుతారు. 2024లో కెనడా స్టడీ పర్మిట్లకి పరిమితి పెట్టినప్పటి నుంచి రూల్సు పదేపదే మారుతున్నాయి. ఏజెంటు చెప్పిందానికి తలూపకుండా ప్రభుత్వ వెబ్‌సైట్లో పిల్ల చేతనే చదివించండి.

డిపార్ట్‌మెంటుకి ఒక ఈమెయిల్ కూడా రాయించండి. ఈ డిగ్రీతో టీచరు లైసెన్సు వస్తుందా, ఫీజుకి ఫండింగ్ ఉందా, మీ దగ్గర చదివిన బయటిదేశం పిల్లలు ఇప్పుడేం పని చేస్తున్నారు, ఈ మూడూ అడగాలి. జవాబు చేతికొచ్చాకే డిపాజిట్ కట్టండి.